కరువునేలపై ‘కరుణ’

గుత్తి నుండి పత్తికొండకు పోయే దారిలో, అనంతపురం జిల్లా పొలిమేర దాటిన కొలది దూరానికే, కర్నూలు జిల్లాకు చెందిన ఎర్రగుడి గ్రామం కలదు. ఆ గ్రామసమీపంలోని గుండ్లపై అశోకచక్రవర్తి వ్రాయించిన ధర్మశాసనాలు బ్రాహ్మీలిపిలో నేటికీ నిలిచి ఉన్నవి. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దికి చెందిన ఆ శాసనాలలో ఒకటి వైద్యాన్ని గురించి చెప్పుతుంది. మనుష్యులకు ఒక చికిత్స, పశువులకు ఒక చికిత్స ఏర్పాటు చేసినట్లు, ఓషధులు లేనిచోట్లకు వాటిని తెప్పించి నాటించినట్లు, బాటల వెంట మనుష్యులకు, పశువులకు ఉపయోగపడేటట్లు బావులు త్రవ్వించి చెట్లు పెంచినట్లు చక్రవర్తి అందులో ప్రకటించుకొన్నాడు.

బావినీటిలో పశువుకు కూడ వాటా కలదన్న ఈ మాట, నీటికి ముఖం వాచిన నేలపైననే రాతిలో నిలిచి ఉండటం గమనింపదగినది. రాజులు పోయారు, రాజ్యాలు పోయినవి. పశువుకు రావలసిన ఆ వాటాను ఈ పీఠభూమిపై నేడు ఎవరు పంచుతున్నారని విచారిస్తే, చూపు పుట్టపర్తి వైపు మళ్ళుతుంది. చిత్రావతి ఒడ్డున గల ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలోనిది. ఆనాటి నుండి శ్రీ సత్యసాయి జిల్లాకు ముఖ్యపట్టణం. ఇక్కడ 2000 సంవత్సరంలో ‘కరుణా సొసైటీ ఫర్ ఆనిమల్స్ అండ్ నేచర్’ అను సంస్థ వెలసినది. నెదర్లాండ్స్ దేశానికి చెందిన క్లెమెంటీన్ పావుస్ అను మహిళ దీని స్థాపకురాలు.

దిక్కులేని పశువులకు, గాయపడిన కుక్కలకు, పిల్లులకు, గాడిదలకు చికిత్స చేసి నీడ కల్పించటం ఈ సంస్థ చేపట్టిన పని. ఇట్టి సంస్థలు మన దేశంలో అనేకం కలవు. అయితే ఈ ఆశ్రయం తాను చేసిన చికిత్సలలో బయటపడిన ఒక సత్యాన్ని దేశమంతటి ముందు పెట్టినది. ఆ సత్యం బోధపడాలంటే మొదట ఈ నేలను, ఈ నేలపై పశువు బ్రతుకును తెలుసుకోవాలి.

కరువు - పశువు

అనంతపురం ప్రాంతంలో సంవత్సరానికి సగటున పడే వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనాలు తెచ్చే నీటిలో అధికభాగాన్ని పడమటి కనుమలు అడ్డగించి ఆవలివైపుననే కురిపించుకొంటవి. ఈశాన్య ఋతుపవనాలు కోస్తాను, తూర్పు కనుమలను దాటి వచ్చేసరికి సత్తువ ఉడిగి ఉంటవి. రెండు దిక్కుల నుండి మేఘాలు బయలుదేరినా, ఈ నేల దోసిలికి మిగిలేది తక్కువ. ఆ తక్కువైనా వేళకు పడుతుందన్న నమ్మకం లేదు.

1876-78 నాటి మహాక్షామాన్ని పెద్దలు ధాత కరువని చెప్పుకొనేవారు. అప్పటికి బళ్ళారి జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం ఆ కరువులో మనుష్యులను, పశువులను లెక్కకు మించి పోగొట్టుకొన్నది. ఏ కరువులోనైనా మొదట కృశించేది పశువే. మనిషికి వలసపోయే దారి ఉన్నది. గంజికేంద్రం తెరిస్తే గిన్నె పట్టుకొని వరుసలో నిలబడగలడు. తన ఆకలి చెప్పుకొనే నోరు అతనికి ఉన్నది. పశువుకు ఇవేవీ లేవు. ఎవరో తెచ్చి ముందు వేస్తేనే దానికి మేత, ఎవరో తోడి తొట్టిలో పోస్తేనే దానికి నీరు.

ఇక్కడి రైతుకు పశువుమీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. జ్యేష్ఠమాసంలో ఏరువాక పున్నమినాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి ఊరేగించే ఆచారం ఈ సీమలో తరతరాలది. లేపాక్షిలో ఒకే రాతిలో మలచిన బసవన్న మెడలో కూడ గంటల పేరు ఉన్నది. దేవుని వాహనాన్ని చెక్కిన శిల్పి కన్నులలో తన ఊరి ఎద్దే మెదలినదేమో! అట్టి రైతే, వాన తప్పిన ఏడు, కాడికి కట్టిన ఎద్దులను సంతకు తోలుకొని పోయి వచ్చినకాడికి అమ్ముకొని తలవంచుకొని తిరిగి వస్తాడు. అతనికి కొరవడినది దయ కాదు, చొప్ప.

పూర్వం కొర్ర, జొన్న, సజ్జ, రాగి పండిన చేలు మనిషికి గింజను, పశువుకు మేతను ఏకకాలంలో ఇచ్చేవి. తరువాతి దశాబ్దాలలో ఎర్రనేలలలో అధికభాగం వేరుశనగ క్రిందికి వచ్చినవి. వర్షం అనుకూలించిన ఏడు వేరుశనగ కట్టె మంచి మేతయే. వాన తప్పిన ఏడు కాయా దక్కదు, కట్టె కూడ దక్కదు. బంజరులు సాగులోకి వచ్చి మేతబయళ్ళు తరిగినవి. ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఎద్దుకు ఇంటిలో ఉన్న స్థానం సడలినది. పట్టణాలలోనైతే, ఉదయం పాలు పిండుకొని ఆవును వీధిలోకి వదలి, సాయంకాలం తిరిగి కట్టివేసే అలవాటు పెరిగినది. పాలుడిగిన పిమ్మట సాయంకాలం కట్టివేసేవారు కూడ ఉండరు. ఈ విధంగా పశువు చేను విడిచి చెత్తకుప్ప దగ్గరకు వచ్చినది.

బందెలదొడ్డి నుండి ఆశ్రయానికి

వీధిన పడిన పశువును గురించి మన పాత చట్టానికి తెలిసిన ఉపాయం బందెలదొడ్డి. 1871లో ఆంగ్లప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం, పరుల చేనిలో పడి మేసిన పశువును తోలుకొని పోయి దొడ్డిలో కట్టివేసేవారు. యజమాని జరిమానా చెల్లించి విడిపించుకోవాలి. ఎవరూ రాకున్న వేలం వేసేవారు. బందెలదొడ్డికి పశువు ఒక అపరాధి. ఆశ్రయానికి అది ఒక రోగి. ఈ రెండు దృష్టుల మధ్య గల దూరాన్ని నడవటానికి మన సంఘానికి చాల కాలం పట్టినది.

1952లో రాజ్యసభకు నియమింపబడిన నాట్యకళాకోవిద శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్, జంతువులపై క్రూరత్వాన్ని నివారించే బిల్లును సభ ముందుంచారు. ఆ కృషి ఫలితంగా 1960లో చట్టం వచ్చినది. ఆ చట్టం క్రింద 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. 1976లో నలుబది రెండవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధులలో, జీవులయెడ దయ కలిగి ఉండటం కూడ పౌరుని విధిగా పేర్కొనబడినది. సాంఘికశాస్త్రం చదివే విద్యార్థులకు ఇది తెలిసినదే. తెలుగునాట 1992లో శ్రీమతి అక్కినేని అమల హైదరాబాదులో బ్లూక్రాస్ సంస్థను స్థాపించారు. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ ఈ వరుసలోనిదే. అయితే ఇది పెద్ద నగరంలో కాక, కరువునేలపై ఒక చిన్న పట్టణంలో పుట్టినది.

కరువునేలపై ఆశ్రయం నడపటం ఎంత భారమో చిన్న లెక్క చెప్పుతుంది. మూడువందల కిలోల బరువు గల నాటు ఆవుకు దినానికి ఏడెనిమిది కిలోల ఎండుమేత కావాలి. ఎండకాలంలో నలుబది లీటర్ల నీరైనా త్రాగుతుంది. వంద పశువులను పోషించే ఏ ఆశ్రయానికైనా దినానికి ఏడువందల యాభై కిలోల మేత, నాలుగువేల లీటర్ల నీరు సమకూరాలన్నమాట. మందులు, వైద్యులు, పనివారు దీనికి అదనం. వాన తప్పిన సంవత్సరంలో రైతు వెదకే చొప్పనే ఆశ్రయం కూడ వెదకాలి. ఆ సంవత్సరంలోనే దాని వాకిటికి వచ్చే పశువుల సంఖ్య కూడ పెరుగుతుంది. దయ ఒక్కటే ఉంటే చాలదు. దయకు కూడ గడ్డివామి కావాలి.

వీధికుక్కల విషయం వేరొక తీరుది. పూర్వం పురపాలక సంఘాలు వాటిని చంపించేవి. చంపిన కొలదీ కొత్త కుక్కలు ఆ వీధికే వచ్చేవి. ఎందుకంటే వాటిని పిలిచే చెత్తకుప్ప అక్కడనే ఉండేది. 2001లో వచ్చి, 2023లో తిరిగి రూపొందిన నియమాలు, కుక్కలకు పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్స చేసి, పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేసే మార్గాన్ని చూపినవి. జంతుసంక్షేమ సంస్థల పనులలో ఇది ముఖ్యమైనది. మనుష్యుల ప్రాణరక్షణ కూడ ఇందులో ఇమిడి ఉన్నది. కుక్క కరచినప్పుడు గాయాన్ని వెంటనే సబ్బునీటితో పదిహేను నిమిషాలపాటు కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రిలో టీకా వేయించుకోవాలని ప్రతి విద్యార్థి తెలుసుకొనటం అవసరం.

కుక్కను వీధిలో నిలిపి ఉంచేది చెత్తకుప్ప. ఆవును చంపేది కూడ ఆ కుప్పయే. పుట్టపర్తి ఆశ్రయం కనుగొన్నది ఈ రెండవ విషయాన్ని.

నిండు కడుపుల ఆకలి

ఆవు మేసే తీరు తెలిస్తే దాని చావుకు కారణం తెలుస్తుంది. ఆవుకు పైదవడలో ముందుపళ్ళు లేవు. అది మేతను నాలుకతో చుట్టి లోనికి లాగుకొని, సరిగా నమలకనే మింగుతుంది. ఆ మేత కడుపులోని నాలుగు అరలలో మొదటిదైన పెద్దపొట్టలో చేరుతుంది. శరీరంలో ఎడమప్రక్కనంతా ఆక్రమించే ఈ పొట్టలో వంద లీటర్లకు మించి పట్టుతుంది. తీరిక వేళ మేతను తిరిగి నోటిలోకి తెచ్చుకొని నెమరు వేస్తుంది. పొట్టలో నివసించే కోట్లకొలది సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును జీర్ణం చేస్తవి. మనిషికి పనికిరాని గడ్డి ఆవు కడుపులో పాలుగా మారే రహస్యం ఇదే.

ఇట్టి జీవి ముందు, మిగిలిన అన్నము, కూరగాయల తొక్కలు ముడివేసిన ఒక ప్లాస్టిక్ సంచి పడుతుంది. ముడి విప్పటానికి ఆవుకు చేతులు లేవు. ఉప్పు, అన్నము వాసన తగిలి, ఆకలిమీద ఉన్న ఆవు సంచితోసహా మింగుతుంది. లోపలి అన్నం జీర్ణమైపోతుంది, సంచి మిగులుతుంది. ఏ సూక్ష్మజీవీ దానిని కరిగించలేదు. నెమరులో పైకి రాదు, పేడలో క్రిందికి పోదు. మరునాడు మరొక సంచి వచ్చి చేరుతుంది. సంవత్సరాలు గడిచేకొలదీ సంచులు, త్రాళ్ళు, గుడ్డపీలికలు పెనవేసుకొని గట్టి ముద్దగా మారుతవి. మేకులు, తీగముక్కలు రెండవ అరలో చేరి, ఒక్కొకప్పుడు గుండె వైపు గుచ్చుకొంటవి. పొట్టలో మేతకు చోటు తరిగిపోతుంది. చూచేవారికి ఆవు కడుపు నిండుగా, ఉబ్బుగా కనబడుతుంది. చూడికట్టినదని భ్రమించేవారు కూడ ఉంటారు. లోలోపల ఆవు ఆకలితో చిక్కిపోతూ ఉంటుంది.

దీనికి మందు లేదు. శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. ఆవును నిలబెట్టియే, ఎడమడొక్కలో వెంట్రుకలు తీసి, ఆ భాగం మొద్దుబారేటట్లు సూదిమందు ఇచ్చి, చర్మాన్ని, కండరాలను కోస్తారు. లోపలి మురికి కడుపులోనికి జారకుండ పొట్టగోడను పైకి లాగి బిగించి, దానిని కూడ కోసి, వైద్యుడు మోచేతికి పైదాక చేయి పెట్టి, పెనవేసుకొన్న ముద్దను కొంచెం కొంచెంగా బయటకు లాగుతాడు. కుట్లు వేసిన పిమ్మట, మంచి ఆరోగ్యం గల మరొక ఆవు పొట్టలోని ద్రవాన్ని ఇచ్చి, పోయిన సూక్ష్మజీవులను తిరిగి నెలకొల్పే పద్ధతి కూడ పశువైద్యంలో ఉన్నది. పుట్టపర్తి వీధులలో తిరిగిన ఆవులకు కరుణా సంస్థవారు ఇట్టి చికిత్సలు చేయించినప్పుడు, ఒక్కొక్క ఆవు పొట్ట నుండి పదులకొలది కిలోల ప్లాస్టిక్ బయటపడినది.

కోసి తీయటం ఎన్ని ఆవులకు సాధ్యం? ఒక్క చికిత్సకు గంటలకొలది కాలం, నిపుణుడైన వైద్యుడు, వారాలతరబడి సేవ కావాలి. బాగుపడిన ఆవు తిరిగి ఆ వీధికే పోతే, ఆ కుప్ప మీదనే మరల మేస్తుంది. ఊరంతా సంచులు విసరుతుండగా ఒక ఆశ్రయం వాటిని ఆవుల కడుపులనుండి ఏరుతూ కూర్చొనటం, చిల్లుకుండలో నీరు పోసినట్లే. ఈ సంగతిని సంస్థ గ్రహించినది. అక్కడితో దాని పని పశువైద్యశాల గోడలు దాటినది.

న్యాయస్థానం ముందు

2012లో ‘ది ప్లాస్టిక్ కౌ’ అను పేర కునాల్ వోహ్రా తీసిన వార్తాచిత్రం ఈ ఆవుల స్థితిని దేశానికి చూపినది. ఆ సంవత్సరమే కరుణా సొసైటీ మరికొందరితో కలిసి సుప్రీంకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం వేసినది. ప్లాస్టిక్ సంచుల వాడకాన్ని నిషేధించాలని, చెత్తను బహిరంగంగా కుప్పలు పోసే పద్ధతిని మాన్పించాలని, ఇంటింటి నుండి చెత్త సేకరించి ప్లాస్టిక్‌ను వేరుచేయించాలని అందులో కోరినది. ఆ విచారణలో న్యాయమూర్తులు, ప్లాస్టిక్‌ను అరికట్టకపోతే రాబోయే తరానికి అణుబాంబును మించిన ముప్పు కలుగుతుందన్న ఆందోళనను వెలిబుచ్చారు.

ఆ వ్యాజ్యం వలన సంచులపై దేశవ్యాప్తమైన సంపూర్ణనిషేధం రాలేదు. అయితే కరువుసీమలోని ఒక మూగజీవి కడుపు, దేశపు అత్యున్నత న్యాయస్థానం ముందు సాక్ష్యమై నిలిచినది. ప్లాస్టిక్‌ను గురించిన కేంద్రప్రభుత్వ నియమాలు కూడ క్రమంగా బిగిసినవి. 2011 నియమాలలో 40 మైక్రాన్లుగా ఉన్న సంచి కనీసపు మందం 2016లో 50కి, 2021 సెప్టెంబరు 30 నుండి 75కు, 2022 డిసెంబరు 31 నుండి 120కి పెరిగినది. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులు నిషేధింపబడినవి. మందం పెంచటంలో ఒక యుక్తి ఉన్నది. పలుచని సంచికి పాతసామాను అంగడిలో వెల రాదు. వెల రానిదానిని ఎవరూ ఏరరు. ఎవరూ ఏరనిది గాలికి ఎగిరి ముళ్ళకంపలకు చిక్కి, చివరకు పశువు నోటికి చేరుతుంది.

నియమాలు ఎంత బిగిసినా, ప్రతి వంటింటిలో కాపలా నిలువవు. 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నియమాలు, తడిచెత్తను, పొడిచెత్తను ఇంటివద్దనే వేరుచేయటం గృహస్థుని బాధ్యతగా చేసినవి. పుట్టపర్తి వంటి యాత్రాస్థలంలో ఈ బాధ్యత రెండింతలు. దేశదేశాలనుండి వచ్చే యాత్రికులు తిని పారవేసేది ఆ ఊరి వీధులలోనే పడుతుంది. ఆవుకు నమస్కరించి, అరటిపండు తినిపించి, తొక్క ఉన్న సంచిని ముడివేసి కుప్పలోకి విసరేవారు భక్తులలో లేకపోలేదు. ఆ చేతితో చేసిన పూజ ఈ చేతితో చేసిన పనికి ప్రాయశ్చిత్తం కాజాలదు.

ఉపాధ్యాయులకు ఒక పాఠం

ఆశ్రయాలను మెచ్చుకొనటం సులభం. పండుగనాడు చందా ఇచ్చి, పశువులకు గడ్డి వేసి రావటం కూడ మంచిదే. ఆ గడ్డి వాటికి కావలసినదే. అయితే ఆశ్రయానికి వచ్చే పశువుల సంఖ్య తగ్గేటట్లు చేయటమే దానికి చేయగల గొప్ప సహాయం. అందుకు కావలసినది ధనం కాదు, అలవాటు మారటం.

ఈ పని పాఠశాలలో ఆరంభం కావచ్చు. విజ్ఞానశాస్త్రంలో నెమరువేసే జంతువుల జీర్ణకోశం పాఠం చెప్పే రోజున, ఉపాధ్యాయుడు నల్లబల్లపై నాలుగు అరలు గీసి, మొదటి అరలో సంచి పడితే ఏమవుతుందో పిల్లలనే అడగవచ్చు. మధ్యాహ్నభోజనం పిమ్మట మిగిలిన మెతుకులను, ఆకుకూర కాడలను వేరొక తొట్టిలో వేయించి, దగ్గరలోని పశువుల ఇంటికి సంచి లేకుండ పంపించవచ్చు. మిగిలినది ఎరువుగుంటలో వేస్తే బడితోటకు బలం. బడి ప్రహరీ వెలుపల ఒక నీటితొట్టి కట్టించి, వేసవిలో దానిని నింపే వంతును తరగతుల వారీగా పంచవచ్చు. బావినీటిలో పశువుకు వాటా ఉన్నదన్న ఎర్రగుడి రాతిమాట అప్పుడు చరిత్రపుస్తకంలో నుండి బడివాకిటికి వస్తుంది.

అన్నిటికంటె ముందు ఇంటిలో నేర్పవలసినది మరొకటి కలదు. చెత్తబండి వచ్చే వరకు తొక్కలను, మెతుకులను బుట్టలో ఉంచాలి. వాటిని ప్లాస్టిక్ సంచిలో పోసి ముడివేయరాదు. పదేళ్ళ పిల్లవాడు తల్లికి ఈ మాట చెప్పగలడు. పుట్టపర్తిలో వైద్యుడు గంటలకొలది నిలబడి, కత్తితో కోసి, చేతితో లాగి బయటకు తీసే ముద్దలో ఉన్నవన్నీ ఇట్టి ముడులే. వాటిలో ప్రతి ఒక్కటీ ఏదో ఒక ఇంటిలో, ఏదో ఒక చేయి, ఒక్క క్షణంలో వేసినది.